దాచుకున్న గొంతు

రజిత జబ్బు పొద్దున కనపడేది కాదు. తెల్లారంగ ఆమెను చూసినోళ్లు, గీమెకేం రోగమున్నదని నవ్వేటోళ్లు. నిండు బిందె ఎత్తి చంకల పెట్టుకునేది, మాట గలగల పారేది. ఎండ వాలినకొద్ది ఆమె రెప్పలు గూడ వాలేటియి. దవడ బరువైతే కింద చెయ్యి ఆనిచ్చుకొని బువ్వ నమిలేది. మాట ముక్కుల నుంచి వచ్చి, వచ్చి, ఆఖరికి అది గూడ సన్నగయ్యి ఆగిపోయేది. మరి అత్త, మొగడు ఆమెను తోలుకొని జనగామ దవాఖానల అడుగుపెట్టింది దీపాలు పెట్టే యాళ్లకు.

బొగ్గుబాయిలల్ల సమ్మె మొదలైనంక మొగడు కనకయ్య భూపాలపల్లిల క్వార్టర్‌కు తాళమేసి, ఆమెను నర్మెట్టల తన తల్లి కొమురవ్వ దగ్గరికి తోలుకొచ్చిండు. తెలంగాణ వచ్చేదాక బాయి దిగేది లేదని అందరితోపాటు ఆయన గూడ ఒట్టు పెట్టిండు. నర్మెట్టల దసరా అయ్యిందో లేదో రజితకు కుడి డొక్కల నొప్పి లేచింది. పసరుతిత్తిల రాళ్లున్నయని ముందటనే ఎరుకే. ఇప్పుడు జొరం గూడ పట్టింది, కండ్లు పచ్చబడ్డయి.

"పేరేందక్కా?" అని అడిగింది నర్సు నిఖిత, కలం పట్టుకొని.

రజిత నోరు తెరిచింది. నాలుక మందమయ్యి మాట ముద్దగ వచ్చింది. అడిగిన పిల్ల మొకం చూద్దామని చూపుడువేలితోటి ఎడమ రెప్ప పైకెత్తి పట్టుకున్నది.

నిఖిత రాసుడాపి ముక్కు ఎగబీల్చింది. "ఏమవ్వా, గీమె ఏసుకొచ్చిందా ఏంది? కడుపునొప్పికి సారా మందని తాగొచ్చేటోళ్లు మాకు రోజు తగులుతరు."

పక్కమంచాల మీదోళ్లు మెడలు తిప్పిన్రు. రజితకు రెప్పలు వాలుతయి గని చెవులు బాగనే వింటయి. కాదని చెప్పబోయింది.

"జొరమమ్మా. జొరానికి మగతగున్నది," అన్నది కొమురవ్వ అడ్డం వచ్చి. "పేరు రజిత, రాసుకో."

రజిత అత్త కొంగు గుంజింది. కొమురవ్వ ఆ చెయ్యిని మెల్లగ ఇడిపిచ్చి దుప్పట్ల పెట్టింది. నర్సు అటు పోయినంక చెవుల నోరు పెట్టి చెప్పింది. "నువ్వు సప్పుడు జెయ్యకు బిడ్డా. రెప్పల జబ్బు సంగతి ఎత్తితే గీడ గూడ మాతోటి కాదంటరు. పొద్దుగాల నర్మెట్ట డాక్టరు జబ్బు పేరు ఇన్నడో లేదో, పట్నం తీస్కపోండ్రి అన్నడు. ఎట్ల పోతం? బస్సు లేదు, రైలు లేదు. రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి వండుకుంటున్నరు జనం. దారిల తిత్తి పలిగిందనుకో..." ఆ మాట అక్కడనే ఇడిచిపెట్టింది.

"అమ్మ చెప్పేది గూడ నిజమే," అన్నడు కనకయ్య, గోడ దిక్కు చూసుకుంట.

రజిత రోజూ మింగే గోలీలను కొమురవ్వ సంచిల నుంచి తీసి కొంగుల ముడేసుకున్నది. నర్సు చూస్తే ఇవి దేనికని అడుగుతదని ఆమె భయం.

రజిత కండ్లు మూసుకొని పన్నది. రెండేండ్ల కింద పట్నంల పెద్ద డాక్టరు చెప్పిన మాటలు ఆమెకు పొల్లు పోకుంట యాదికున్నయి. "ఎప్పుడన్న నీకు కోత పడాల్సి వస్తే, మత్తిచ్చే డాక్టరుకు ముందుగాల చెప్పమ్మా. మత్తుతోపాటు కండరాలు సడలిచ్చే మందు గూడ ఇస్తరు. అందరికి అది జల్ది దిగిపోతది, నీకు దిగదు. ఎద లేవదు. ఊపిరి తీసుకోవాలని నీకు తెలుస్తనే ఉంటది, తీసుకోరాదు." ఆ కాగితాలు భూపాలపల్లి క్వార్టర్ల తాళం లోపలున్నయి. ఇగ ఆమె నోరే ఆమెకు కాగితం.

*

తెల్లారి జనగామ దవాఖానల కోతలు చేసే పెద్ద డాక్టరు వచ్చే యాళ్లకు రజిత లేచి దిండుకు ఒరిగి కూసున్నది. నెత్తి దువ్వుకున్నది గూడ. పొద్దున బలమున్నప్పుడే చెప్పాలని ఆమె ఎదురుచూసింది. డాక్టరు పొట్ట ఒత్తి చూసిండు, స్కానింగు ఫోటో ఎలుగుకు పట్టి చూసిండు, కనకయ్య దిక్కు తిరిగి మాట్లాడబట్టిండు.

"సారు, నాకు కండరాల జబ్బున్నది," అన్నది రజిత. "పొద్దుగూకితే రెప్పలు పడిపోతయి. మత్తుల..."

డాక్టరు వంగి ఆమె కండ్లల్లకు చూసిండు. గోలీ లేకపోయినా రాత్రంత పన్న కండ్లు, మంచిగ తెరుచుకొని ఉన్నయి.

"మంచిగనే ఉన్నయి గదమ్మా."

"పిల్ల భయపడ్డది సారు," అన్నది కొమురవ్వ. "రాత్రిసంది గట్లనే ఏదేదో అంటున్నది."

"భయమెందుకు, రేపు పొద్దున తిత్తి తీసేస్త. మత్తు సంగతి మత్తు డాక్టరు చూసుకుంటడు. మానుకోటల ఉన్నడు, ఇయ్యాల పగటీలికి వచ్చి నిన్ను చూస్తడు." ఆయన పక్కమంచానికి పోయిండు.

చెప్పద్దూ, రజితకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. రాత్రి తాగుబోతన్నరు, పొద్దున మంచిగున్నవన్నరు. రెండు పూటల నడుమ ఉన్న అసలు మనిషిని ఎవ్వలు చూసిన్రు? కోపం గూడ బలాన్ని తింటది కాబట్టి దాన్ని గూడ పక్కకు పెట్టింది. మానుకోట నుంచి ఆ మత్తు డాక్టరు ఎప్పుడొచ్చినా సరే, ఆయన వచ్చే యాళ్లకు తన గొంతుల నాలుగు మాటలన్న మిగలాలె. అప్పటిదాక ఒక్క మాట ఖర్చు పెట్టద్దు.

ఆ గడియసంది రజిత మూగదైంది.

నిఖిత వచ్చి జొరం చూస్తే చెయ్యి ఇచ్చింది, నోరియ్యలేదు. కనకయ్య చాయ్ తెచ్చి, "రెండు గుక్కలు తాగరాదు," అంటే తలకాయ ఊపింది. దవడ కదిలిస్తే గూడ బలం పోతది. తడి చేతిరుమాలు కండ్ల మీద కప్పుకొని రెప్పలకు పని లేకుంట చేసింది.

"నా మీద అలిగినవా?" అన్నడు కనకయ్య. "సమ్మెల కూసున్నననా? ఒక్క మాటన్న తిట్టు."

రుమాలు కింద ఆమె పెదవి కొద్దిగ కదిలింది. నవ్వో ఏందో ఆయనకు అంతుపట్టలేదు.

ఎండ నెత్తికెక్కేసరికి కనకయ్యతోటి బాయిల పనిచేసే ఇద్దరు భూపాలపల్లి నుంచి మోటర్‌సైకిల్ మీద వచ్చిన్రు. ఒకాయన దుర్గయ్య, నడీడు మనిషి, మాట తక్కువ. ఇంకొకాయన గూడూరు దిక్కు తండా పిలగాడు పూల్‌సింగ్, ఆయన నోటికి తాళం లేదు.

"వదినె మాట్లాడతలేదా? అన్నా, నువ్వు అదృష్టవంతునివి. మా ఆమె సకల జనుల సమ్మెల గూడ నోరు బంద్ పెట్టలేదు."

"నువ్వు బంద్ పెట్టు ముందుగాల," అన్నడు దుర్గయ్య.

పగటీలి దాటింది. మత్తు డాక్టరు రాలేదు. బజార్ల ఊరేగింపు పోతుంటే నినాదాలు గోడలకు తగిలి వార్డులకు వచ్చినయి. అంతమంది గొంతులు చించుకొని అరుస్తుంటే రజిత తన ఒక్క గొంతును పైసా పైసా కూడబెట్టినట్టు కూడబెట్టుకుంట పన్నది. రుమాలు కింద రెప్పలు బరువెక్కుతున్న సంగతి ఆమెకు తెలుస్తనే ఉన్నది.

ఎండ కిటికీ నుంచి జారి నేల మీద పడ్డది. ఇగ ఆగితే లాభం లేదనుకొని, రజిత లేచి అత్త కొంగు పట్టుకున్నది. ముడి ఇప్పబోయింది.

"అద్దు బిడ్డా. మత్తు డాక్టరు చూసేదాక ఇగ ఏది మింగద్దని నర్సు ఇప్పుడే చెప్పిపోయింది, ఇనలేదా?"

రజిత ఇడిచిపెట్టలేదు. కొమురవ్వ మణికట్టు ఒక చేత్తోటి పట్టి, ఇంకో చేత్తోటి ముడి గుంజింది. ఏళ్లల్ల బలం లేక ముడి జారి జారి పోతున్నది. మల్ల పట్టింది. మల్ల జారింది. కొమురవ్వ కోడలి మొకం దిక్కు చూసింది. ఏం కనపడ్డదో ఏమో, గుంజుకున్న చెయ్యిని సడలిచ్చింది. ముడి మాత్రం తను ఇప్పలేదు, కోడలినే ఇప్పనిచ్చింది.

గుక్కెడు నీళ్లతోటి గోలీ మింగి, రుమాలు మల్ల కప్పుకొని రజిత పన్నది.

*

మత్తు డాక్టరు శివప్రసాద్ వచ్చే యాళ్లకు వార్డుల చీకట్లు ముసురుతున్నయి, కరెంటు లేదు. మానుకోట నుంచి మోటర్‌సైకిల్ మీద వచ్చిండు, రోడ్డుకు అడ్డమేసిన చెట్లకు పొలాల నుంచి తిరిగి తిరిగి. కనుబొమ్మల నిండ దుమ్ము. మంచం పక్కకు స్టూలు జరుపుకొని, నిఖిత పట్టిన టార్చిలైటు ఎలుగుల అడుగబట్టిండు.

"షుగర్ ఉన్నదా?"

"లేదు సారు," అన్నది కొమురవ్వ.

"బీపీ? దమ్ము? ఇంతకుముందు ఆపరేషన్లు?"

"ఏం లేవు సారు. గట్టి మనిషి."

"ఇంకేమన్న జబ్బు, రోజు వాడే గోలీలు?"

కొమురవ్వ నోరు తెరిచేలోపల రజిత చెయ్యి లేచింది. కొమురవ్వ మోకాలి మీద పడ్డది. ఆగుమన్నట్టు.

"సారు," అన్నది రజిత. పొద్దంత దాచిన గొంతు గీరగ వచ్చింది గని, తేటగ వచ్చింది. "నాకు మయస్థీనియా. కండరాలు సడలిచ్చే మందు ఇయ్యద్దు. ఇస్తే నాకు ఊపిరి తిరిగిరాదు."

నిఖిత టార్చి ఎలుగును రజిత మొకం మీదికి తిప్పింది.

"ఎవరు చెప్పిన్రమ్మా?"

"పట్నంల." ఆమెకు ఎక్కువ మాటలు లేవు. "మీ ఏలు పైకి పట్టుండ్రి."

ఆయనకు అర్థమైంది. చూపుడువేలు ఆమె నొసలు మీదికి ఎత్తి పట్టిండు. రజిత తలకాయ కదపకుంట కండ్లు పైకెత్తి ఆ వేలునే చూసింది. ముందుగాల రెప్పలు నిలబడ్డయి. తర్వాత ఎడమది వణికింది. ఎవ్వలో దించుతున్నట్టు మెల్లగ, నల్లగుడ్డు సగం మునిగేదాక జారింది. ఎంబడే కుడిది. నిఖిత తను రాత్రి అన్న మాట యాదికొచ్చినట్టు చూపు పక్కకు తిప్పుకున్నది.

"సారు, తప్పు నాది," అన్నది కొమురవ్వ. "గిది చెప్తే మీరు పొమ్మంటరని నేనే నోరు మూయిచ్చిన."

శివప్రసాద్ వేలు దించిండు. "పొమ్మనేటోణ్నే పెద్దమ్మా. అబద్ధమెందుకు, పొమ్మనేటోణ్నే." దుమ్ము కొట్టుకపోయిన కండ్లు తుడుచుకున్నడు. "చెప్పకపోతే మాత్రం రేపు పొద్దున నా చేతులతోటి సంపుకునేటోణ్ని."

పెద్ద డాక్టరును పిలిపిచ్చి, ఇద్దరు తలుపు దగ్గర నిలబడి శానసేపు మాట్లాడుకున్నరు. పట్నం తోలుదామంటడు పెద్ద డాక్టరు. దారిల తిత్తి పలుగుతదంటడు ఈయన. ఆఖరికి శివప్రసాద్ వచ్చి మల్ల స్టూలు మీద కూసున్నడు. కనకయ్యతోటి కాదు, రజితతోటి మాట్లాడిండు.

"ఆ మందు ముట్ట. గ్యాసుతోటే నిద్రపుచ్చుత. కోత అయినంక ఊపిరిగొట్టం మాత్రం ఎంబడే తియ్య, నీకు బలమొచ్చేదాక నోట్లనే ఉంటది. మిషన్ ఊపిరిస్తది. తెలివి ఉంటది, మాట రాదు. ఓర్చుకుంటవా?"

రజిత దగ్గర మాటలు అయిపోయినయి. ఆయన చెయ్యి పట్టుకొని ఒకసారి ఒత్తింది.

"ఒక్కటే కష్టం," అన్నడాయన లేచుకుంట. "ఈడ ఉన్నది ఒక్కటే మిషన్, పాతది. కరెంటు ఇట్ల పోతున్నది, బంకులు బంద్ ఉండి జనరేటర్‌కు డీజిల్ దొరుకుత లేదు. ఏం పని జేస్తవు నువ్వు?" అని కనకయ్యను అడిగిండు.

"బొగ్గుబాయి సారు," అన్నడు కనకయ్య.

నిఖిత టార్చి ఎలుగు కనకయ్య మొకం మీద పడ్డది.

"అంటే కరెంటు బంద్ పెట్టింది మేమే సారు," అన్నడు దుర్గయ్యతోపాటు మంచం కాళ్లకాడ నిలబడ్డ పూల్‌సింగ్.

కనకయ్య గోడకు ఒరిగి కూలబడ్డడు. "నేను రేప్పొద్దున పోయి బాయి దిగుత."

"నువ్వొక్కనివి దిగితే జనగామల బల్బు ఎలుగుతదా?" అన్నడు దుర్గయ్య. డాక్టరు దిక్కు తిరిగిండు. "మిషన్ ఆగితే ఇంకో ఉపాయం లేదా సారు?"

శివప్రసాద్ తన బ్యాగుల నుంచి రబ్బరు సంచి తీసిండు, సొరకాయంత ఉన్నది. "దీన్ని గొట్టానికి తగిలిచ్చి చేత్తోటి ఒత్తాలె. ఒత్తితే ఊపిరి లోపలికి పోతది, ఇడిస్తే బయటికి వస్తది. ఆపొద్దు, నిద్రపోవద్దు. నర్సులు ఇద్దరే ఉన్నరు, వాళ్లతోటి కాదు."

దుర్గయ్య ఆ సంచి అందుకొని బరువు చూసినట్టు చూసిండు. "షిఫ్టులల్ల పనిజేసుడు మాకెరుకే సారు. ఎట్ల ఒత్తాల్నో చూపియ్యిండ్రి."

*

తెలివొచ్చేసరికి రజిత నోట్ల గొట్టమున్నది, డొక్కల కోత సలుపుతున్నది. కండ్లు తెరుద్దామంటే రెప్పలు లేవలేదు. ఎద మాత్రం లేస్తున్నది, పడుతున్నది. తను చెయ్యకుంటనే. పక్కన మిషన్ బుస్సుమంటున్నది. బతికున్ననని ఆమెకు ఆ బుసతోటి తెలిసింది. ముక్కుల సన్నగొట్టం నుంచి తన గోలీ పొడిచేసి పోస్తున్నరని నిఖిత మాటలతోటి తెలిసింది. "అక్కా, నేనే, నిఖితను. గోలీ ఏస్తున్న," అని ప్రతిసారి పేరు చెప్పి మరీ పోసేది ఆ పిల్ల.

మిషన్ బుస ఆగింది. కరెంటు పోయింది.

ఎద మీద ఎవ్వలో బండ పెట్టినట్టైంది. ఊపిరి కావాలని ఒళ్లంత అడుగుతున్నది, ఒళ్లు లేస్త లేదు. ఇగో, ఎవ్వలిదో చెయ్యి వచ్చింది, గొట్టంల నుంచి గాలి జబజబ లోపలికి దూకింది. మల్ల. మల్ల. ఇంకా ఇడువకముందే మల్ల.

కనకయ్య. చెప్పక్కరలేదు, ఆ తొందర ఆయనదే.

"మెల్లగ పట్టు, దాని ఎద పలుగుతది," అన్నది కొమురవ్వ గొంతు.

దుర్గయ్య చెయ్యి వేరే. ఒత్తుడు నిదానం, ఇడుసుడు ఇంకా నిదానం. ఆ చెయ్యి ఉన్నప్పుడు రజితకు కునుకు పట్టేది. పూల్‌సింగ్ చేతికి ఒక లెక్కుండె. ఆయన లోపల్లోపల గొణుక్కుంటుండు: జై అని ఒత్తుతడు, తెలంగాణ అని ఇడుస్తడు. ఒకపారి బజార్ల నినాదాలు జోరైతే ఆయన చెయ్యి గూడ జోరైంది.

"పూల్‌సింగూ, ఊరేగింపుల పోతున్నవారా? వదినె ఊపిరి అది," అన్నడు దుర్గయ్య.

"నా మస్టరుల హాజరు కొట్టెయ్యకన్నా, నాగా పెట్టలే," అన్నడు పూల్‌సింగ్, మల్ల మెల్లగైండు.

కరెంటు వచ్చేది, మిషన్ నడిచేది, చేతులు చల్లబడేటియి. కరెంటు పోయేది, వంతు ఎవ్వలిదైతే వాళ్లు లేచేటోళ్లు. ఆఖరికి కొమురవ్వ గూడ నేర్చుకున్నది. ఆమె చేతులు చిన్నయి, రెండు చేతులతోటి ఒత్తేది. ఒత్తేటప్పుడు ఆమె గూడ లోపలికి గాలి పీల్చేది, ఇడిచేటప్పుడు ఇడిచేది. రజితకు అది ఇనపడేది. కండ్లు మూసుకొనే ఇనేది. ఇంతమంది చేతులల్ల పడి బతుకుతున్న, ఒక్కరోజన్న నా అంతట నేను తీసుకోవాలె, అని ప్రతి ఒత్తుడుకు ముందట ఒక చిన్న ప్రయత్నం చేసేది. ఎద లేచేది కాదు. మల్ల చేసేది.

మూడో నాడు పొద్దున, కరెంటు లేదు, కనకయ్య వంతు. నిద్రలేక ఆయన కండ్లు మూతలు పడుతున్నయి, చెయ్యి మాత్రం ఆగలేదు. రజితకు ఏదో అడ్డం తగులుతున్నట్టున్నది. తను లోపలికి గుంజబోతే ఆయన అప్పుడే ఇడుస్తున్నడు, తను ఇడువబోతే ఆయన ఒత్తుతున్నడు. తలుపుకు అటొకలు ఇటొకలు నిలబడి నూకినట్టుంది. చెప్దామంటే నోట్ల గొట్టం. ఆమె ఏళ్లు దుప్పటి మీద గీరినయి.

కొమురవ్వ మంచం పట్టె మీద కూసోని కోడలి ఎదనే చూస్తున్నది. చూసి చూసి, ముందుకు వంగి, కొడుకు చెయ్యి మీద తన అరచెయ్యి పెట్టింది.

"ఆగు."

"ఆపొద్దన్నడే డాక్టరు."

"ఆగురా. నువ్వు ముందట పోతున్నవు. దాని ఊపిరి అది తీసుకుంటున్నది."

కనకయ్య చేతులు సంచి మీద గాల్లనే ఆగినయి. నిఖిత ఉరికొచ్చి సంచి పక్కన మోకాళ్ల మీద కూసున్నది. అందరి కండ్లు ఆ రబ్బరు సంచి మీదనే. అది ఎవ్వలు ఒత్తకుంటనే కొద్దిగ ముడుచుకున్నది. ఆగింది. మల్ల ముడుచుకున్నది. సన్నటి ఊపిరి, పసిపిల్లలదాని లెక్క, గని రజిత సొంత ఊపిరి.

"ఒత్తాల్నా?" అన్నడు కనకయ్య. ఆయనకు చేతులు ఏం చేసుకోవాల్నో తెలుస్త లేదు.

"అలసిపోతే ఒత్తుదాం. అంతదాక పట్టుకొని ఉండండి," అన్నది నిఖిత.

పట్టుకొని ఉన్నడు. రజిత అలసిపోయినప్పుడు ఒత్తిండు, తేరుకున్నప్పుడు ఆపిండు. ఆపుడే కష్టమన్నడు తర్వాత దుర్గయ్యతోటి, బొగ్గు తట్ట మోసుడు నయమని.

*

గొట్టం తీసిన మర్నాడు శివప్రసాద్ మల్ల మానుకోట దిక్కు నుంచే వచ్చిండు. సాయంత్రం. కిటికీల ఎండ ఎర్రబడ్డది. రజిత దిండుకు ఒరిగి ఉన్నది, రెప్పలు సగం వాలి, దవడ కింద చెయ్యి ఆనిచ్చుకొని. దుర్గయ్య, పూల్‌సింగ్ పొద్దుగాలనే భూపాలపల్లికి ఎళ్లిపోయిన్రు. సమ్మె ఇంకా నడుస్తనే ఉన్నది.

డాక్టరు నాడి చూసిండు, ఎద మీద స్టెతస్కోపు పెట్టి ఇన్నడు.

"మింగుడు పడుతున్నదా? నొప్పెక్కడున్నది?" అని అడిగిండు.

కనకయ్య, "డొక్కల..." అని మొదలుపెట్టిండు. కొమురవ్వ కొడుకు మోచెయ్యి పట్టి వెనుకకు గుంజింది.

"దాన్నే అడుగుండ్రి సారు," అన్నది. "యాళ్ల కాని యాళ్ల వచ్చిన్రు, మాట జల్ది రాదు. జర ఆగాలె. చెప్తది."

శివప్రసాద్ చెవుల నుంచి స్టెతస్కోపు తీసి మెడల ఏసుకున్నడు. స్టూలు దగ్గరికి గుంజుకొని కూసున్నడు. రజిత ఊపిరి పీల్చుకున్నది. అందరు ఆగిన్రు.